మేరమ్మగారి మైక్

2023 ఎండాకాలం. మణుగూరు బస్టాండు దగ్గర మా మొబైల్ రిపేర్ దుకాణం. ఆ మధ్యాహ్నం బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన యేసుదాసుగారు, ఆయన భార్య మేరమ్మగారు వచ్చారు. ఆమె ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, దీంట్ల మైక్ బొమ్మ పోయింది. జల్దీ తెప్పియ్యి."

"టైప్ చేసుకోవచ్చు గదా పెద్దమ్మా" అన్నాను తేలిగ్గా నవ్వుతూ.

"నాకు సదువు రాదు. ఆయనకు చెవులు వినరావు. నేను మాట్లాడితే దాంట్ల అచ్చరాలు పడ్తయి, ఆయన సదువుకుంటడు. రేపు ఖమ్మం దవాఖానకు పోవాలె. ఆయనకు గుండె పరీక్షలు. డాక్టర్ చెప్పింది ఈయనకు నేనెట్ల చెప్పాలె?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇలా మాటను అక్షరాలుగా మార్చడాన్ని వాయిస్ డిక్టేషన్ అంటాం. చాలామందికి అది బద్ధకం తీర్చే సౌకర్యం. ఈ ఇంట్లో మాత్రం భార్య మాట భర్తకు చేరే దారి అదొక్కటే.

కీబోర్డు తెరిస్తే నిండా గులాబీలే. అది ఫోన్‌తో వచ్చింది కాదు, బయటినుంచి వేసుకున్న థర్డ్ పార్టీ కీబోర్డు. చర్చి గ్రూపులో శుభోదయాలు అందంగా పంపాలని పెద్దాయన ముచ్చటపడి వేసుకున్నారట. పువ్వులున్నాయి గానీ మైక్ లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాత కీబోర్డును తిరిగి పెట్టాను. మైక్ బొమ్మ వచ్చింది, మేరమ్మగారి మొహం విప్పారింది.

ఆమె మాట్లాడింది. ఒక్క అక్షరమూ పడలేదు.

మైక్ వాడుకునే అనుమతి, అంటే పర్మిషన్, ఇచ్చే ఉంది. భాష తెలుగే. నెట్ వస్తోంది. ఫోన్‌ను ఆపి మళ్లీ వేసినా అదే తంతు. నాకు పట్టుదల పెరిగింది. వాయిస్ రికార్డర్‌లో మాట్లాడి వింటే గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. కీబోర్డు పాపం లేదు, లోపం మైక్‌లోనే అనుకుని, విప్పడానికి పైకవర్ తీశాను. కింది అంచున చిన్న ప్లాస్టర్ ముక్క!

నేను వేలితో చూపించగానే పెద్దాయన గర్వంగా అన్నాడు. "నేనే ఏసిన. బొగ్గు దుమ్ము పోకుంట."

గని కాలనీల్లో గడియారానికీ రేడియోకీ కూడా గుడ్డ కప్పుతారు, ఆయన అలవాటు ఆయనది. మూసింది మాత్రం సరిగ్గా మైక్ రంధ్రాన్ని, అదీ కీబోర్డు మార్చిన రోజే. కాల్స్ మేరమ్మగారి బటన్ ఫోన్‌కే వస్తాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ప్లాస్టర్ పీకి, బ్రష్‌తో తుడిచి ఇచ్చాను. ఆమె ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని మొగుణ్ణి దులపడం మొదలుపెట్టింది. "పువ్వులు ఏసింది నువ్వే, ప్లాస్టర్ ఏసింది నువ్వే. నా నోరు మూసి మూలకు కూసోబెట్టినవ్ గదయ్యా!"

అక్షరాలు గబగబా పడ్డాయి. పెద్దాయన వేలు పెట్టి చదువుకుని, పకపకా నవ్వాడు.

రెండో రోజు ఖమ్మం నుంచి వస్తూ ఇద్దరూ దుకాణం దగ్గర దిగారు. గుండెకు భయం లేదన్నారట. డాక్టర్ మాటలన్నీ ఆమే ఫోన్‌లో చెప్పి చదివించిందట. ఆ కబురు విని నేను నిజంగా దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు ఎవరొచ్చినా, ఈ ఫోన్‌తో ఇంట్లో ఏం చేసుకుంటారని ముందు అడుగుతాను, స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే. అలా అడగడం నేర్పింది ఆ దంపతులే, వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. ఖమ్మం నుంచి వచ్చిన ఆ రోజు వెళ్తూ పెద్దాయన నా భుజం తట్టి అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"ఇంట్ల మళ్ల సప్పుడైతున్నది బిడ్డా."