పారాయణ నడుమ లేవకూడదు

దయ్యాలనూ ఆత్మలనూ నేను ఏనాడూ నమ్మలేదు. భూముల సర్వేలో ఉద్యోగం చేసినవాణ్ణి; గొలుసు వేసి కొలిచిన తర్వాతే హద్దు రాసే అలవాటు నాది. ఈ సంగతినీ అలాగే రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మేము కొత్తగూడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. బంద్ పిలుపు వచ్చిందంటే మా నివాసుల సంఘం కార్యదర్శి శ్రీనివాస్ పెద్ద గేటుకు గొలుసు వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకునేవాడు. రాళ్లు పడతాయని భయం. మా గేటు మీద ఒక్క రాయీ పడలేదు.

అలాంటి ఒక బంద్ నాడు పొద్దున నా భార్య సుశీలకు గుండెనొప్పి వచ్చింది. కారులో పడుకోబెట్టి గేటు దాకా తెచ్చాను. తాళంచెవి కోసం పరుగెత్తిన వాచ్‌మన్ యాదయ్య వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

“సార్ పూజల ఉన్నరంట. నడుమల లేవరంట” అన్నాడు.

హారతి ఇచ్చాక శ్రీనివాస్ వచ్చాడు. నుదుటి బొట్టు ఇంకా తడిగానే ఉంది. అప్పటికే వెనక సీట్లో సుశీల ప్రాణం పోయింది.

పోలీసులకూ సంఘానికీ ఫిర్యాదులు రాశాను. ప్రతిదానికీ నకలు దాచాను. జరిగిందేదో జరిగిందన్నారు అందరూ. చివరకు నా నోరు మూయించడానికి, బంద్ రోజుల్లో తాళంచెవి నా దగ్గర ఉండేలా తీర్మానం చేశారు.

ఆ దుఃఖంలో నన్ను నిలబెట్టింది పారాయణ ఒక్కటే. సుశీల ఉన్నప్పుడు రోజూ పొద్దున ఆమె ఒక శ్లోకం చదివేది, నేను అర్థం చెప్పేవాణ్ణి, ఇద్దరం కాసేపు దాని గురించే ఆలోచించేవాళ్లం. ఆపైన ఆమె ఆ పుటలో తులసి ఆకు ఉంచి పుస్తకం మూసేది. మూసేదాకా ఎవరమూ లేవకూడదు. అది మా ఇంటి నియమం. ఆమె పోయాక చదవడమూ, అర్థం చెప్పుకోవడమూ నాకే మిగిలాయి. ఆ శ్లోకమే లేకపోతే మంచం దిగేవాణ్ణి కాను. అయితే ప్రతి శ్లోకంలోనూ నాకు కనిపించింది దండనే. దేవుడు ఊరుకోడన్న నమ్మకమే నా బలం.

మరో బంద్ వచ్చింది. నేను పారాయణలో ఉండగా శ్రీనివాస్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్లకు చెప్పులు లేవు.

“అంకుల్, తాళం ఇవ్వండి. మా పాపకు ఊపిరి అందట్లేదండి!”

తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. ఆ జవాబును ఎన్నాళ్లుగానో సిద్ధంగా ఉంచుకున్నాను. తల ఎత్తకుండా అన్నాను.

“పారాయణల ఉన్న. నడుమల లేవను.”

అతడు గుమ్మంలోనే కూలబడ్డాడు. వెనక నుంచి యాదయ్య అన్నాడు: “జర ఇయ్యుండ్రి సార్. పిల్లేం జేసింది?”

నేను తర్వాతి పాదం చదవబోయాను. పుస్తకం మూసుకుంది.

విసురుగా కాదు. ఎవరో చేత్తో మూసినట్టు, నెమ్మదిగా. కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది, కిటికీ తెర కదలలేదు. మళ్లీ తెరిచాను. అంతవరకు నేను చదువుతున్న పుటలోనే, తడి ఆరని తులసి ఆకు ఉంది.

రోజూ పేపరు తెచ్చిచ్చే యాదయ్యకు సుశీల అలవాటు తెలుసు. “అమ్మ గిట్లనే పెడుతుండె గద సార్” అన్నాడు.

పారాయణ ముగిసింది. ఇక కూర్చోవడానికి నాకు సాకు లేదు. వెళ్లి గేటు తీశాను.

పాప బతికింది. సాయంత్రం శ్రీనివాస్ చేతులు జోడించుకుని వచ్చాడు.

“మీరు దేవుడండి అంకుల్.”

“గేటు తీసింది నేను కాదు. పో” అని తలుపు వేశాను. ఒక్క ఫిర్యాదునూ వెనక్కి తీసుకోలేదు, తీసుకోను.

తర్వాత విచారించాను. సుశీల పోయిన కొన్నాళ్లకే మా బాల్కనీలోని తులసి ఎండిపోయింది. నేను కొత్తది నాటలేదు. బంద్ కాబట్టి ఆ రోజు పూలమ్మే మనిషి రాలేదు. వచ్చిన ఇద్దరిలో ఎవరూ గడప దాటలేదు. ఆ ఆకు ఎక్కడిదో ఇప్పటికీ చెప్పలేను.

అది ఆ పుటలోనే ఉంది. మామూలు ఆకుల్లాగే ఎండి నల్లబడింది. సుశీల నా మీద జాలిపడిందో, ఆ పాప మీద జాలిపడిందో తేల్చుకోలేకపోతున్నాను. శ్రీనివాస్ మీద మాత్రం జాలిపడి ఉండకూడదని రోజూ ఆ పుస్తకం ముందే కోరుకుంటున్నాను.