నిద్ర లేచిన కంప్యూటరు, పగిలిన గాజు

మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఉండగా కరెంటు పోయింది. మరాఠీ ఊళ్ళో తెలుగు నేతవాళ్ళుండే మా దాజీ పేట్‌లో కరెంటు పోవడమంటే చీకటి పడడం కాదు, చెవులు ఖాళీ కావడం. చుట్టూ సందుల్లో ఆడే సాంచాలు, అంటే మరమగ్గాలు, అన్నీ ఒక్క క్షణంలో ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో నా చేయి నాకు తెలియకుండానే ల్యాప్‌టాప్ మూత వేసేసింది. ఇప్పటి మిషిన్‌కు ఆ అవసరం లేదు, బ్యాటరీ గంటలకొద్దీ వస్తుంది. అయినా వేశాను. సాంచాలు మళ్ళీ మొదలయ్యాక మూత తెరిచి, తెర మీద బొమ్మ వెంటనే కదులుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూశాను. కదిలింది. కుడి మణికట్టు మాత్రం ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు చురుక్కుమంది. ఆ పట్టు కళావతక్కది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు, అందుకే చెబుతున్నాను.

పక్కనే ఉన్న భవాని పేట్‌లో ఆమెది రెండు గదుల డిజైన్ ఆఫీసు. చద్దర్ల మీద, అంటే దుప్పట్ల మీద, నేసే చిలకలను, తీగలను గళ్ళ కాగితం మీద గీసి ఇచ్చేది. తొంభైల చివర్లో పుణె వెళ్ళి కంప్యూటర్ నేర్చుకుని వచ్చింది. వస్తూ ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చి, ఏదో పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీతో అందులో లినక్స్ ఎక్కించి, ఆ గళ్ళన్నిటినీ తెర మీదికి తెచ్చేసింది. చేతులకు గాజులు వేసుకునేది కాదు. "కాగితం చింపుతయ్" అనేది. పేటలో ఆడవాళ్ళు ఇంకేవేవో కారణాలు చెప్పుకునేవారు. నేను రోజూ కాలేజీ వదిలాక ఆమె దగ్గరికి వెళ్ళి నేర్చుకునేదాన్ని. మా బ్యాటరీ ముసలిది కనుక కరెంటు పోగానే మిషిన్‌ను నిద్రపుచ్చడం, రాగానే లేపడం నా పని.

నా బీఎస్సీ ఫలితాలు వచ్చిన రోజు ఇంటిదాకా పరుగెత్తాను. మా వంశంలో అంతవరకు పదో తరగతి దాటినవాళ్ళే లేరు! "అవ్వా, పాసైన! ఫస్ట్ క్లాస్‌ల పాసైన!" అని గుమ్మంలోంచే అమ్మను కేకేశాను. అమ్మ ఒళ్ళో చాట, చాటలో తంబాకు, చేతిలో సగం చుట్టిన బీడీ. ఆ బీడీ పూర్తిగా చుట్టి, దారం కట్టి, అప్పుడు ఏడ్చింది. మర్నాడు నాకు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు తొడిగించింది. గల్లీ అంతా పేఢాలు పంచింది. బీడీలు అప్పజెప్పడానికి పోయిన చోట వరసలో నిలబడ్డ ప్రతి మనిషికీ చెప్పింది: "నా బిడ్డ కంప్యూటర్‌ను పండవెడ్తది, మల్ల లేపుతది." ఆ మాట విని సిగ్గుతో చచ్చిపోయాను. మూత వేసి తీయడమేనని ఎవరికి చెప్పను?

ఆ వారంలోనే ఒక చద్దర్ల కార్ఖానా సేఠ్ డిజైన్ చూడడానికి వస్తున్నాడని తెలిసింది. కళావతక్క ముందే చెప్పేసింది. "సునీతా, గాయన పని మనకిస్తె నిన్ను పక్కాగ వెట్టుకుంట. లేకుంటె నాతోని కాదు. తెర మీద నువ్వే చూపియ్యాలె." ఈ సంగతి అమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పాక అమ్మ రాకుండా ఉండలేకపోయింది. ఒక్కతే కూడా రాలేదు. పక్కింటి నర్సుబాయత్తను, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి గోడ వారగా చాప మీద కూర్చుంది. నలుగురి చీరల నుంచీ తంబాకు వాసన. సేఠ్ కుర్చీలో కూర్చుని ముక్కు తుడుచుకున్నాడు. నేను ఇంకొంచెం కుంచించుకుపోయాను.

జంట చిలకల బొమ్మ మొదట చక్కగా కదిలింది. ఎరుపు అడిగితే ఎరుపు, పసుపు అడిగితే పసుపు. సేఠ్ ముందుకు వంగాడు. అంతలో కరెంటు పోయింది. నిద్రపుచ్చాను. వచ్చింది. లేపాను. తెర వెలిగింది, చిలకలు కనిపించాయి, అంతే. బాణం గుర్తు కదిపితే అది ఆగి ఆగి గెంతుతోంది. ఒక రంగు మారడానికి సేఠ్ చాయ్ మొత్తం తాగేశాడు. "క్యా హువా బాయీ, అభీ భీ నీంద్ మే హై క్యా?" ఇంకా నిద్రలోనే ఉందా అని నవ్వాడు. నర్సుబాయత్తకు హిందీ బాగా వచ్చు. "ఏందే అంబుబాయీ, నీ బిడ్డ లేపుతదంటివి, సగమే లేచినట్టున్నది?" అంది. చాప మీద నవ్వులు. అమ్మ నవ్వలేదు. కొంగు సర్దుకుని నేల చూసింది.

అంతకుముందూ ఒకటి రెండుసార్లు ఇలా అయింది. ఆపేసి మళ్ళీ మొదలుపెడితే బాగయ్యేది, ఇద్దరం మరిచిపోయేవాళ్ళం. నా చేయి ఆపే మీట మీదికి పోయింది. కళావతక్క టక్కున మణికట్టు పట్టుకుంది. టప్‌మని ఒక గాజు రెండు ముక్కలైంది.

"అయ్యో, గాజు పెరిగె!" అంది అమ్మ. మా దగ్గర గాజు పగిలిందనరు, అశుభం. పెరిగిందంటారు. మరాఠీవాళ్ళూ అంతే, వాఢలీ అంటారు.

"పెరగలే. పగిలింది," అంది కళావతక్క. ఆమె నా చేయి వదల్లేదు. "పెరిగిందంటె సంబురపడి ఊకుంటవ్. పగిలిందంటె ముక్క ఏడ వడ్డదో ఎతుకుతవ్. మిషిన్‌ను ఇప్పుడు బంద్ చేస్తె రోగం మల్ల దాక్కుంటది." తర్వాత సేఠ్ వైపు తిరిగి, హిందీలో, ఎందుకు నెమ్మదించిందో తనకు తెలియదని, వెతకాలని, ఉండదలిస్తే ఉండమని చెప్పింది. తెలియదని! కొనడానికి వచ్చినవాడితో! నాకు చాప కింద దూరిపోవాలనిపించింది. సేఠ్ లేచి వెళ్ళిపోయాడు. అతని వెనకే అమ్మవాళ్ళు. గడప దగ్గర అమ్మ ఒకసారి వెనక్కి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

"ఏడుస్తె ఏడువు, కని కండ్లు తెర మీదనే ఉండాలె," అంది కళావతక్క. "ఏం కనవడ్తున్నదో చెప్పు. ఇంగ్లిష్‌ల వద్దు. మీ అవ్వకు చెప్పినట్టు చెప్పు."

ముక్కు ఎగబీలుస్తూ చెప్పాను. "జాగ మస్తు ఖాళీగున్నది. ఏ ప్రోగ్రామూ ఎక్కువ తింటలేదు. లోపల సిస్టమే తింటున్నది. డిస్క్ లైటు ఆర్తనే లేదు."

"ఇంగ? పండక ముందు ఏం తెలుసు, లేచినంక ఏం మర్శిపోయింది?"

ఆ ప్రశ్నతో దారి దొరికింది. డిస్క్ ఎంత వేగంగా చదువుతుందో కొలిచే చిన్న ఆదేశం ఒకటుంది. నడిపాం. ఆ అంకె రాసుకున్నాక, అప్పుడు మాత్రమే, కళావతక్క మిషిన్‌ను ఆపి మొదలుపెట్టనిచ్చింది. మళ్ళీ కొలిస్తే వేగం ఎన్నో రెట్లు. నిద్రపుచ్చి లేపి కొలిచాం, పడిపోయింది. ఇక దాక్కోవడానికి దానికి చోటు లేదు. మామూలుగా డిస్క్ తన సరుకును నేరుగా మెమరీలో దింపేస్తుంది. ఆ పద్ధతిని మా మిషిన్ నిద్రలో మరిచిపోతోంది. లేచాక ప్రాసెసర్ కూలీలా ఒక్కో మూటా మోయాల్సి వస్తోంది. చిలకలు కదలనిది అందుకే. ఆ పద్ధతిని తిరిగి గుర్తుచేసే ఒక్క వరుసను, నిద్ర లేవగానే దానంతటదే నడిచేలా పెట్టాం. మూత వేశాను. తీశాను. చిలక ముక్కు ఎర్రబడింది, వెంటనే! ఎగిరి గంతేశాను.

"పో, మీ అవ్వను పిల్చుకరా. గా నర్సుబాయిని కూడ," అంది కళావతక్క.

"అక్కా, వద్దు. మల్ల నవ్వుతరు."

"నవ్వినోళ్ళకే చూపియ్యాలె."

ఆ నాలుగు సందులు నడవడం నాకు పరీక్షల కంటే కష్టమైంది. అమ్మ రానంది. నర్సుబాయత్తే, "నడు, తమాషా జూద్దం," అని చేయి పట్టి లేపింది. వాళ్ళ ముందు మళ్ళీ మూత వేశాను, తీశాను. చిలకలు గిరగిరా తిరిగాయి.

"మంచిగనే ఉన్నది గద," అంది నర్సుబాయత్త. "పొద్దుగాల ఏమాయె మల్ల?"

కొంచెం అలిసిపోయింది అత్తా అనబోయాను. అమ్మ నా మొహమే చూస్తోంది. కళావతక్క కిటికీ వైపు తిరిగి నిలబడింది, ఏ సాయమూ చేయలేదు.

"పగిలింది అత్తా," అన్నాను. "గీడ పగిలింది. నాకు తెల్వకుండె." ఎక్కడ పగిలిందో, మూటల సంగతితో సహా, అంతా చెప్పాను. చెబుతుంటే చెవులు మండిపోయాయి. నర్సుబాయత్త ఒక్కసారీ నవ్వలేదు. చివర్న, "గింత చెప్తె నాకే అర్థమాయె గదనే," అని తనే ఆశ్చర్యపోయింది. అమ్మ వంగి, చాప అంచున పడి ఉన్న ఆకుపచ్చ ముక్కలు రెండూ ఏరి కొంగున కట్టుకుంది. ఇంటికి వెళ్ళే దారిలో నెమ్మదిగా అడిగింది: "గాజు పగిలినప్పుడు కోసుకపోలేదు గద బిడ్డా?" మా అమ్మ నోట పగిలిందన్న మాట వినడం నాకదే మొదటిసారి.

కొన్నాళ్ళకు సేఠ్ తిరిగి వచ్చాడు. "ఉఠ్ గయా?" లేచిందా అని నవ్వుతూనే కూర్చున్నాడు. ఆ చిలకలు చద్దరెక్కాయి, నేను అక్కడే ఉండిపోయాను. కళావతక్క ఇప్పుడు లేదు. ఆ రెండు గదుల్లో నేను కూర్చుంటున్నాను. ఏదైనా చెడితే నా నోటికి ఇప్పటికీ మొదట ‘పెరిగింది’ లాంటి మాటే వస్తుంది. మణికట్టు చురుక్కుమంటుంది. ఆ మాట మింగేసి, చెవులు మండుతుండగానే, పగిలిందనే చెబుతాను.