ఉరుములకు పీకిన ప్లగ్గు

మాది బంగారుపాళ్యం. బిల్లు తగ్గుతుందని పాత ల్యాండ్‌లైన్ తీసేసి, ఇంటర్నెట్‌తో నడిచే చౌక ఫోను పెట్టించాం. సెల్లు వాడటం రాని మా అత్తకు అదే దిక్కు.

మామిడి కాపు రోజులు. నేను గుజ్జు ఫ్యాక్టరీలో పనిలో ఉండగా ఉరుములు మొదలయ్యాయి. ఇంట్లో ఒంటరిగా ఉన్న అత్త అలవాటుగా ప్లగ్గులన్నీ పీకేసింది. పాత ఫోను కరెంటు లేకపోయినా పలికేది. ఇది పలకదని ఆమెకు తెలియదు. కాసేపటికే గుండెనొప్పి వచ్చింది.

నేను వచ్చేసరికి రిసీవరు పట్టుకుని నేల మీద పడి ఉంది.

"ఎంతసేపు నొక్కినా పలకలా పాపా. నువ్వు పనిలో ఉండావేమో అనుకున్నా" అంది. ఆస్పత్రి దారిలోనే పోయింది.

ఫోను బిగించినతను అన్నీ మా ఆయనకే వివరించాడు. వాడేది అత్త అని ఎవరికీ తోచలేదు.

పెద్దకర్మ రోజు మళ్లీ ఉరిమింది. చుట్టాలు ప్లగ్గులు పీకబోతే, ఫోను ప్లగ్గుకు నేను చెయ్యి అడ్డం పెట్టాను.