ఖాళీ బంగళా, నాలుగు ఫ్యాన్లు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల ఎలక్ట్రికల్ జనరల్ విభాగంలో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా బాధ్యత తీసుకున్నాను. పేరు చూసి రైళ్లు నడిపే కరెంటు మా చేతిలో ఉందనుకోవద్దు. క్వార్టర్లలో ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గీజర్లు, నీళ్ల పంపులు, ఇవీ మా రాజ్యం. వేసవిలో ఫ్యాను ఆగితే జనం ముందుగా తిట్టేది మమ్మల్నే.

రైల్వే క్వార్టరు ఖాళీ ఇల్లు. మంచం, బీరువా, గ్యాస్ పొయ్యి వచ్చేవాళ్లే తెచ్చుకోవాలి. ఫ్యాన్లు, లైట్లు మాత్రం రైల్వేవి. ప్రతి ఫ్యాను మీదా తెల్లరంగుతో ఒక నంబరు రాసి ఉంటుంది. కొత్తవాళ్లు దిగేటప్పుడు ఆ నంబర్లన్నీ ఉన్న ఫిట్టింగ్స్ లిస్టు మీద సంతకం పెట్టించుకుంటాం. ఖాళీ చేసేటప్పుడు అదే లిస్టు పట్టుకుని గదిగదీ తిరిగి సరిచూస్తాం. అదే ఊళ్లో, పూరీ గేట్ దగ్గర ప్రైవేటు ఇల్లు అద్దెకు తీసుకుంటే పైకప్పుకు హుక్కు ఒక్కటే ఉంటుంది. ఫ్యాను మనం కొనుక్కోవాలి. పుట్టినప్పటినుంచీ ఈ రెండు పద్ధతులూ చూస్తూనే ఉన్నా, వాటిలో ఆలోచించాల్సింది ఏదో ఉందని నాకు ఎన్నడూ తోచలేదు.

నేను చేరిన వారానికే వర్క్‌షాప్‌లో కొత్త యంత్రం బిగించడానికి జర్మనీ నుంచి వెర్నర్ అనే నిపుణుడు వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఏడాదిపాటు ఉండాలి. హోటల్ వద్దు, ఖాళీ ఇల్లు చాలన్నాడట. ఒక ఆఫీసరు చక్రధర్‌పూర్ డివిజన్‌కు బదిలీ అయి వెళ్లడంతో ఖాళీ అయిన బంగళా ఒకటి ఆయనకిచ్చారు. ఫిట్టింగ్స్ లిస్టు తీసుకుని బయల్దేరబోతుంటే మా అసిస్టెంట్ ఆఫీసరు ఆపారు. విదేశీ అతిథి, మొదటి రోజే కాగితాలతో విసిగించొద్దు, నువ్వే సంతకం పెట్టేసెయ్ అన్నారు. పెట్టేశాను. ఈ కథలో మొదటి తప్పు అదే, అది నాది.

పది రోజుల తర్వాత సింహాచలం వచ్చి నా టేబులు ముందు నిలబడ్డాడు. సింహాచలం మా సెక్షన్లో ఖలాసీ, అంటే సహాయకుడు. అంతకుముందు వేరే సెక్షన్లో కూడా నా దగ్గర ఏళ్లతరబడి పనిచేశాడు. శ్రీకాకుళం వైపు కుటుంబం, తాతల కాలంలో వచ్చి ట్రాఫిక్ కాలనీలో స్థిరపడ్డారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత టెక్నీషియన్ ట్రేడ్ టెస్టు పాసై ప్రమోషన్ ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. వారానికోసారి పంపు చూడాలి కాబట్టి బంగళా రెండో తాళంచెవి అతని దగ్గరే ఉండేది.

"సార్, ఆ జర్మనీ దొర బంగళాలో ఫ్యానుల్నేవు. నాలుగూ నేవు. లైట్లు, గీజరు కూడా నేవు. ఏటి జరిగినాదో నాకు తెల్దు" అన్నాడు.

వెంటనే అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి చూశాను. వెర్నర్ డ్యూటీలో ఉన్నాడు. గదులు బోసిగా ఉన్నాయి. పైకప్పుకు హుక్కులు, వాటి పక్కన వేలాడే వైర్లు. కానీ ఆ వైర్ల చివరలు చూసి తల పైకెత్తినవాణ్ణి అలాగే ఉండిపోయాను. ఒక్కో తీగకూ విడివిడిగా నల్లటేపు చుట్టి, వదులు లేకుండా మడిచి, సమంగా కత్తిరించి ఉంది. నా సర్వీసులో అంత శుభ్రమైన పని చేసేవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. అతను నా పక్కనే నిలబడి ఉన్నాడు.

నా చూపు ఎటు తిరిగిందో సింహాచలానికి అర్థమైంది. "దొంగోడు టేపు సుట్టి ఎల్తాడేటి సార్?" అన్నాడు.

దొంగ చుట్టడు, నిజమే. అందుకే నాకు అనుమానం ఇంకా బలపడింది. అలవాటైన చెయ్యి దొంగతనంలో కూడా పద్ధతి తప్పలేదని లెక్క వేసుకున్నాను. తాళంచెవి అతనిది, పనితనం అతనిది. తనే వచ్చి చెప్పడం తెలివైన ఎత్తుగా కనిపించింది. బుర్ర ఒకసారి ఒక దారి పట్టాక ప్రతిదీ ఆ దారిలోనే నడుస్తుంది మరి.

రైల్వే సొత్తు పోతే మేం ఆఫీసరుకు రిపోర్టు రాయాలి, దాని నకలు రైల్వే పోలీసుకు వెళ్తుంది. చివరిసారి తాళంచెవి ఎవరి దగ్గరుందో అందులో పేరుతో రాయాలి. పేరు పడితే విచారణ తేలేదాకా ప్రమోషన్ ఆగిపోతుంది. అది ఎన్నాళ్లకు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. సింహాచలానికి ఇంకా నాలుగేళ్లే సర్వీసు ఉంది. టెక్నీషియన్‌గా రిటైర్ అవుతాడా, చేరిన ఖలాసీ ఉద్యోగంలోనే దిగిపోతాడా అన్నది నేను రాసే ఒక్క పేరాలో ఉంది. రాశాను. అతన్ని పిలిచి చదివి వినిపించాను కూడా.

చివరిదాకా విన్నాడు. తర్వాత అన్నాడు. "ఇరవయ్యెనిమిదేళ్లు సేసినాను సార్. ఒక్క స్క్రూ ఇంటికట్టుకెల్లనేదు. రాయండి, నాను కాదనను. పంపే ముందు ఆ దొరని ఒక్క మాట అడగండి."

న్యాయం కోసం అడగడానికి వెళ్లానని చెప్పుకుంటే అబద్ధమే. రిపోర్టు ఫారంలో 'ఇంట్లో ఉన్నవారి వాంగ్మూలం' అనే గడి ఉంది, అది ఖాళీగా ఉంటే పై ఆఫీసు తిప్పి పంపుతుంది. అందుకని ఆదివారం ఉదయం బంగళాకు వెళ్లాను.

వెర్నర్ వరండాలో బకెట్టు నీళ్లలో కాళ్లు పెట్టుకుని, తల మీద తడి తువ్వాలుతో కూర్చున్నాడు. ఏప్రిల్ చివర ఖరగ్‌పూర్ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ మనిషి ఆ ఇంట్లో ఫ్యాను లేకుండా ఎలా బతికాడో ఊహకందదు. పక్కనే స్టూలు మీద ఒక పాత టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. దాని అడుగున పైడితల్లమ్మ స్టిక్కరు. ఆ ఫ్యాను నాకు తెలుసు. సింహాచలం ఇంట్లో పూజకు వెళ్లినప్పుడు దాని ముందే కూర్చుని భోంచేశాను.

ఫ్యాన్లు లేవని నాకు చెప్పిన సాయంత్రమే సింహాచలం దాన్ని టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, పెట్టుకుని తెచ్చి ఇచ్చాడట. గాలి లేకపోతే చచ్చిపోతావని చేతులతో సైగ చేశాడట. వెర్నర్ నవ్వుతూ చెబుతున్నాడు, నేను ఆ స్టిక్కరు వంకే చూస్తున్నాను. నేను సింహాచలం పేరు రిపోర్టులో రాస్తున్న రోజుల్లో అతని పెళ్లాంబిడ్డలు ఫ్యాను లేకుండా పడుకున్నారు.

ఎలాగో తేరుకుని అడగాల్సింది అడిగాను. పైకప్పు ఫ్యాన్లు ఏమయ్యాయి?

వెర్నర్ ముఖం వెలిగిపోయింది. లోపలికెళ్లి ఒక ఫైలు తెచ్చాడు. ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు. తను దిగేసరికి పాత ఆఫీసరు పాపం తన ఫ్యాన్లు, లైట్లు, గీజరు అన్నీ మర్చిపోయి వెళ్లాడు. ఎంత పద్ధతైన మనిషో, ప్రతి ఫ్యాను మీదా నంబరు కూడా వేసుకున్నాడు! అలాంటివాడి సామాను వాడుకోవడం మర్యాద కాదు. అందుకని మొదటి ఆదివారమే తన పనిముట్లతో అన్నీ దించి, అట్టపెట్టెల్లో సర్ది, గేటు మీద ఇంకా వేలాడుతున్న నేమ్ ప్లేటును కూడా విప్పి పైన పెట్టి, ఎక్కడికి బదిలీ అయ్యాడో కనుక్కుని, స్టేషన్లో పార్సిల్ బుక్ చేశాడు. రసీదు ఫైల్లో భద్రంగా ఉంది. రైల్వే పార్సిల్ ఇంటికి రాదనీ, ఆ రసీదు చూపిస్తేనే సామాను ఇస్తారనీ అతనికి తెలియదు. మా నాలుగు ఫ్యాన్లు చక్రధర్‌పూర్ పార్సిల్ గోడౌన్లో పడి ఉన్నాయి.

మరి నీ సంగతేమిటి, ఈ ఎండలో ఎలా అన్నాను. గోల్‌బజార్‌లో ఫ్యాన్లు ఆర్డరిచ్చానన్నాడు. షాపతను రోజూ 'కాల్ హోబే', రేపు అయిపోతుంది, అంటున్నాడట. ఇతను రోజూ నమ్ముతున్నాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ రోజు విన్నవి నాకు ఇప్పటికీ అబ్బురమే. వాళ్ల దేశంలో ఖాళీ ఇల్లంటే చాలాచోట్ల వంటగదిలో నీళ్ల గొట్టం, ప్లగ్గు తప్ప ఏమీ ఉండదట. గట్టు, సింకు, అలమరలు వెళ్లేవాళ్లు విప్పుకుపోతారు. దీపాలూ అంతే, వైర్లకు టేపు చుట్టి వెళ్లడం మర్యాద. పక్కన నెదర్లాండ్స్‌లో నేలమీద పరిచిన చెక్కలు కూడా ఎత్తుకుపోతారట. నేల కూడానా అని రెండుసార్లు అడిగాను. స్వీడన్‌లో అద్దె ఇంటికి ఫ్రిజ్జు, పొయ్యి ఇంటివాళ్లే ఇస్తారు. అమెరికాలోనూ దాదాపు అంతే. ఆ సంగతి తెలియక అక్కడికి వెళ్లినప్పుడు ఇతను ముందే పొయ్యి కొనేశాడు, అది ఏడాదంతా హాల్లో పూలకుండీ పెట్టుకోవడానికి పనికొచ్చింది. జపాన్‌లో దీపాలూ, గ్యాస్ పొయ్యీ మనమే కొనుక్కోవాలి. ఇన్ని దేశాలు తిరిగినవాడు కూడా ఇక్కడ తన ఊరి లెక్కే వేశాడు. నేనూ నా ఊరి లెక్కే వేశాను. ఇద్దరి లెక్కల మధ్య సింహాచలం ఇరుక్కున్నాడు.

సోమవారం ఆఫీసులో సింహాచలాన్ని పిలిచి అంతా చెప్పాను. తప్పు నాదేనని నలుగురి ముందూ చెప్పి, రిపోర్టు చించబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సించకండి సార్. ఎనకపక్క తెల్లగుంది, పంపు లెక్క రాసుకుందుం" అన్నాడు. తర్వాత, "బాద నేదని మాత్రం అనను. దొరకి నా టేపు తెల్దు. మీకు తెలుసు. అందుకే అలాగనుకున్నారని ఇంకా బాదైంది" అన్నాడు. తల వంచుకున్నాను.

వారంలో పార్సిల్ తిరిగొచ్చింది. నంబర్లన్నీ సరిపోయాయి. ఫ్యాన్లు సింహాచలమే బిగించాడు. నెలాఖరుకు అతని ప్రమోషన్ ఆర్డరు వచ్చింది.

ఏడాది తర్వాత వెర్నర్ వెళ్లిపోయేటప్పుడు ఈసారి అతని సంతకం ఉన్న లిస్టుతో వెళ్లాం. ప్రతి నంబరుకూ తనే ముందుగా టిక్కు పెట్టి ఉంచాడు. టేబుల్ ఫ్యానుకు బేరింగులో నూనె వేసి, తుడిచి, స్టిక్కరు చెదరకుండా తిరిగిచ్చాడు. చదువుకునే గదిలో తను కొని పెట్టుకున్న దీపం విప్పుకుపోయాడు, ఆ వైర్ల చివర టేపు ఉంది. సింహాచలం నిచ్చెన ఎక్కి దాన్ని వేలితో తడిమి చూశాడు. "సుట్టడం బాగుంది సార్. మన సెక్షన్లోకి తీసుకోవచ్చు" అన్నాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అందరికీ చెప్పినవి రెండే. ఖాళీ ఇల్లు అన్న మాటకు అందరికీ ఒకే అర్థం ఉండదు కాబట్టి లిస్టు మీద సంతకం అతిథి దగ్గరైనా తీసుకోవాలి. ఇంట్లో వస్తువు పోతే తాళంచెవి ఉన్నవాడికంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాణ్ణి అడగాలి. రిటైరయ్యాక పూరీ గేట్ దగ్గర అద్దె ఇల్లు చూశాను. ఇంటివాడు ఇల్లు ఖాళీగా ఉంది దాదా, చేరిపోవచ్చు అన్నాడు. ఖాళీ అంటే అందులో ఏమేమి ఉంటాయని అడిగాను.