పక్క సీటు కింద రెండో బ్రేకు

మా పిన్నికి వేరే ఊళ్ళో ఎవరో ఉన్నారట. నెలకోసారి ఆ ఎర్ర కారేసుకుని వెయ్యి కిలోమీటర్లు పోయొస్తుందట. రెండే సీట్ల కారు కొన్నది అందుకేనట. ఒక సీటు ఆవిడది, రెండోది మాత్రం మొగుడిది కాదట. ఈ కబురు నేను జిరాక్సు షాపులో, లైసెన్సు ఫారాలకి కాపీలు తీయించుకుంటూ విన్నాను. చెప్తున్నావిడ నన్ను చూసి కూడా ఆపలేదు. నేను ఒక చోట ఉన్నానన్న సంగతి చాలామందికి పట్టదు.

పిన్నిది డ్రైవింగ్ స్కూలు. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని జనానికి కారు నేర్పుతోంది. నా చదువు తొమ్మిదో క్లాసుతో ఆగిపోయినా, దస్తూరి బాగుందని నన్ను ఆఫీసులో పెట్టుకుంది. ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, గోడకి ట్రాఫిక్ గుర్తుల చార్టు. ఫారాలు నింపడం, ఫోన్లు ఎత్తడం నా పని.

ఆ కారు పాత శిష్యుడొకాయనది. నడుం నొప్పితో అందులోంచి లేవలేక అమ్మేస్తుంటే పిన్ని కొంది. పన్నెండేళ్ళ స్పోర్ట్స్ కారు. నేలకి బెత్తెడు ఎత్తులో ఉంటుంది. నెలకోసారి కనపడకుండా పోయే మాట నిజమే. అప్పుడది మెకానిక్కు షెడ్డులో ఉండేది.

తారు వేయడానికి లైసెన్సు టెస్టు గ్రౌండు బుధవారం నుంచి పది రోజులు మూసేస్తున్నామని నోటీసు వచ్చింది. ఇన్నేళ్ళలో పిన్నికి దొరికిన మొదటి సెలవు. సముద్రం దాకా తొమ్మిది వందల కిలోమీటర్లు తనే నడుపుకుంటూ వెళ్తానంది. బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. కారెక్కితే ఆయనకి వాంతులు.

"దార్లో ఆగిపోతే ఎవరొస్తారే? నేను రావాలంటే నాకు కారు రాదాయె!" అన్నాడు.

"మూడుసార్లు నేర్పాను. మూడుసార్లూ అదే గేటు గుద్దావు."

"అందుకే చెప్తున్నా. ఎక్కడ ఆగినా వచ్చి తీసుకొస్తామని ఎవరిచేతైనా రాయించుకుని ఆ కాగితం నా చేతిలో పెట్టు. తర్వాత చంద్రమండలానికైనా వెళ్ళు."

పిన్ని మాటిచ్చింది. ఆవిడ మాటిస్తే ఇచ్చినట్టే. అదే మా ప్రాణానికొచ్చింది.

బ్రేక్‌డౌన్ కవర్ అంటారు దాన్ని. కారు చెడిపోతే మెకానిక్కునో లారీనో పంపిస్తారు. శుక్రవారం నుంచి ఒక్కో కంపెనీకి ఫోన్ చేయడం మొదలుపెట్టాం. నేను మాట్లాడితే అవతలివాళ్ళు "హలో, హలో" అని పెట్టేసేవాళ్ళు. పిన్ని మాట్లాడితే "మేడమ్, అరవకండి" అని పెట్టేసేవాళ్ళు. చివరికి ఫోను స్పీకర్లో పెట్టి, ప్రశ్నలు పిన్ని గుసగుసగా చెప్తుంటే నేను నాకు చేతనైనంత గట్టిగా అడిగాను.

మొదటి కంపెనీ లారీ ముందు చక్రాలు లేపి కొక్కేనికి తగిలించి ఈడ్చుకుపోయే రకం. "ఈ కారుని అలా ఈడిస్తే మూతి ఊడి చేతికొస్తుంది. బల్ల లారీ కావాలి, కారుని మొత్తంగా మీదకి ఎక్కించుకునేది," అంది పిన్ని. రెండో కంపెనీకి బల్ల లారీ ఉంది. కానీ యాభై కిలోమీటర్ల దాకానే.

"ఆ తర్వాత?"

"అక్కడ దింపేస్తాం మేడమ్."

"పొలంలోనా?"

"దగ్గర్లో సేఫ్ ప్లేసులో మేడమ్."

పిన్ని బల్ల కింద కాలితో నేలని తొక్కింది. కోపమొస్తే ఆవిడ కాలు బ్రేకు వెతుక్కుంటుంది. మూడో కంపెనీ ఇరవై నిమిషాలు లైన్లో పెట్టి సన్నాయి వినిపించి, పదేళ్ళు దాటిన కార్లు తీసుకోమంది. ఆ ముక్క ముందే రికార్డు చేసి పెట్టుకోవచ్చుగా!

నాలుగో కంపెనీ దొరికేసరికి సోమవారమైంది. బల్ల లారీయే, ఎంత దూరమైనా ఇంటికి చేరుస్తారు, రాత్రయితే గది కూడా చూస్తారు. కారులో ఏమైనా మార్పులు చేయించారా అని అడిగారు. లేదని పిన్నీ నేనూ ఒక్కసారే అన్నాం. లోపలా బయటా ఫోటోలు పంపమన్నారు. పంపాం.

మంగళవారం పొద్దున్నే జవాబొచ్చింది. ఇవ్వరట. అది శిక్షణకి వాడే కారట, వ్యాపారం కిందకి వస్తుందట.

"ఏడిసినట్టుంది! రెండు సీట్ల కార్లో ఎవడు నేర్పుతాడు?" అని పిన్ని ఫోటోలు మళ్ళీ తీసి చూసింది. నేనూ చూశాను. చాలాసేపటికి కనపడింది. పక్క సీటు కింద, కాళ్ళ దగ్గర, రెండో బ్రేకు. నేర్పేవాళ్ళు తొక్కే బ్రేకు. అది అక్కడ ఉందని మాకు ముందే తెలుసు. మార్పు అని మాత్రం తోచలేదు. మా కళ్ళకి కారంటే రెండు వైపులా బ్రేకు ఉండేదే.

కారేసుకుని పరుగున షెడ్డుకి వెళ్ళాం.

"ఇదెవరు వేయమన్నారయ్యా నిన్ను?"

"మన స్కూలు కారు కదా మేడమ్, వచ్చిన రోజే వేసేశా," అన్నాడు మెకానిక్కు. "వేయకపోతే మీరే కదా తిట్టేది!"

పిన్ని తిట్టకుండా పానా తీసి అతని చేతిలో పెట్టింది. నేను చూడగా అదే మొదటిసారి.

అది ఊడేసరికి నాలుగైంది. బోల్టు ఒకటి తుప్పు పట్టి మొండికేసింది. మెకానిక్కు సుత్తి పెట్టి కొడుతుంటే, పిన్ని ఆ దెబ్బలన్నీ తనకే తగిలినట్టు ముఖం పెట్టింది. మళ్ళీ ఫోటోలు, మళ్ళీ సన్నాయి. ఆరు కావస్తుండగా అవతలి అమ్మాయి, "సరే మేడమ్, తీసుకుంటున్నాం. చివరి ప్రశ్న. ఇప్పటిదాకా ఒకేసారి మీరు నడిపిన ఎక్కువ దూరం ఎంత?" అంది.

ఆఫీసు మూల గడియారం విప్పుకుని కూర్చున్న బాబాయి కంటికున్న భూతద్దం తీసి పిన్ని వైపు చూశాడు.

"పదకొండు," అంది పిన్ని.

"పదకొండు వందలా మేడమ్?"

"పదకొండు కిలోమీటర్లు. ఊరి ఆ చివర టెస్టు గ్రౌండు నుంచి మా స్కూలు దాకా. వెళ్ళేటప్పుడు నేర్చుకునేవాళ్ళు నడుపుతారు. వచ్చేటప్పుడు నేను."

అవతల ఆ అంకె టైపు చేసిన చప్పుడు వినిపించింది. "పర్లేదు మేడమ్," అంది ఆ అమ్మాయి.

కాగితం వచ్చింది. బాబాయి దాన్ని భూతద్దం పెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. "లారీ బల్లదేనా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత మడిచి పిన్ని చేతికిచ్చాడు.

బుధవారం తెల్లవారాక పిన్ని బయల్దేరింది. పక్క సీట్లో నీళ్ళ సీసా, దుప్పటి, ఆ కాగితం ఉన్నాయి. కారు తన చేతులతో నడుపుకుంటూ మా పిన్ని ఊరి పొలిమేర దాటడం అదే మొదటిసారి.