అంకోర్ గోడ ముందు అత్తగారి కథ

మొన్న ఆదివారం క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చిన మా అమ్మాయి, ఈ సెలవులకు పిల్లల్ని తీసుకుని కంబోడియా వెళుతున్నామని, అంకోర్ వాట్ గుడి చూడటానికి టికెట్లు కూడా కొనేశామని భోజనాల దగ్గర చెప్పింది. ఆ పేరు వినగానే నా మనసు ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయింది.

అప్పటికి మేము ఆక్లాండ్‌లో, మౌంట్ రాస్కిల్‌లో సెటిలై ఆరేడేళ్ళు. తెనాలి నుంచి మా అత్తగారు వచ్చి ఆరు నెలలు మా దగ్గరున్నారు. పదకొండేళ్ళ మా అమ్మాయికి తెలుగు అర్థమయ్యేది గాని మాట పెగిలేది కాదు, ఆవిడకా ఇంగ్లీషు రాదు, అందుకని ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఒకరినొకరు చూసి నవ్వుకుంటూనే రోజులు గడిపేశారు. “పిల్లకి నేను చుట్టాన్నేనమ్మా, నానమ్మను కాలేకపోయా” అని ఒకరోజు పప్పు ఏరుతూ అన్నారావిడ.

ఆవిడను ఊళ్ళో దిగబెట్టడానికి అందరం బయలుదేరి, మావారి సరదా కొద్దీ దారిలో అంకోర్‌లో ఆగాం. గేటు దగ్గర పెద్ద వరస, మనిషి మనిషికీ ఫొటో తీసి పాస్ మీద అచ్చువేసి ఇస్తున్నారు. ధర విని మావారు తెల్లబోతే, “దేవుణ్ణి చూడ్డానికి ఇంత పొయ్యాలంట్రా?” అని అత్తగారు నిలదీశారు. తిరుమలలో మనం స్పెషల్ దర్శనం టికెట్ కొనలేదా అని గుర్తుచేసి నేనే ఆవిడను లోపలికి నడిపించాను.

లోపల ఇసుక వేస్తే రాలని జనం. గోపురాల ముందు ఫొటో కోసం నేనూ మావారూ ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగేసరికి నానమ్మా లేదు, మనవరాలూ లేదు. ఒకరికి భాష రాదు, ఇంకొకరికి దారి తెలియదు. ఆ ఎండలో ముప్పావుగంట పైగా పిచ్చివాళ్ళలా తిరిగాం.

తూర్పు వైపు వసారాలో దొరికారు. క్షీరసాగర మథనం చెక్కిన పొడవాటి గోడ ముందు అత్తగారు చేతులు తిప్పుతూ కథ చెబుతున్నారు, పక్కనే మా అమ్మాయి నోరు తెరుచుకుని వింటోంది. ఏ దేశం వాళ్ళో నలుగురైదుగురు కూడా ఆగి ఆవిడ తెలుగు వింటున్నారు. దేవతల వరస చివర వాసుకి తోక పట్టుకుని ఒక కోతి ఉంది. మా అమ్మాయి దాన్ని చూపించి, “నానమ్మా, హనుమాన్... ఇక్కడ ఎందుకు ఉంది?” అంది. తెలుగులో అంది! ఆ కథలో హనుమంతుడు లేడని ఆవిడకు తెలుసు, అయినా తడుముకోకుండా, “బరువెక్కువైందని సాయానికి పిలుచుంటార్లే” అన్నారు. తిడదామని వచ్చిన మావారు స్తంభానికి ఆనుకుని నిలబడిపోయారు. నేను కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తర్వాత ప్రయాణమంతా వాళ్ళిద్దరి మధ్య నాకు చోటు దొరకలేదు. అత్తగారు పోయేదాకా మా అమ్మాయి ఆవిడతో వచ్చీరాని తెలుగులోనే మాట్లాడింది.

ఇప్పుడు పిల్లలెక్కడున్నారో ఫోన్ మ్యాపులో చుక్కలా కనిపిస్తుంది, ఎవరూ తప్పిపోయే భయం లేదు. మంచిదే. కాని మన తరం వాళ్ళకు చెబుతున్నాను, ఆ రోజు మా దగ్గర అలాంటిదేదో ఉండి ఉంటే అయిదు నిమిషాల్లో వాళ్ళను పట్టుకుని బయటికి లాక్కొచ్చేవాళ్ళం, కథ మందర పర్వతం దగ్గరే ఆగిపోయేది.