నీళ్లకు ఎదురుపోయిన మధ్యాహ్నం

భయపడ్డవాడి జ్ఞాపకంలో ముందువెనకలు చెదిరిపోతాయి. తాలూకా కచేరీలో రికార్డుల గదిని చూసుకుంటూ ఉద్యోగం ముగించినవాణ్ణి కనుక ఆ చెదరడం నాకు గిట్టదు. అందువల్ల ఆ విడిది సంగతిని జరిగిన వరసలోనే రాస్తాను. కోపం వచ్చిన చోట వచ్చిందనీ, భయపడ్డ చోట భయపడ్డాననీ రాస్తాను.

విడిదికి పోవాలన్న కోరిక మా అక్కది. నాగలాపురం దగ్గరి మా నల్లరేగడి చేలలో నిలబడితే, వాన వెలిసిన మరునాటి ఉదయం పడమటి కొండలు సన్నని నీలిగీతలా కనబడతాయి. మబ్బులన్నీ అక్కడే ఆగిపోతాయనీ, మా దాకా రానివ్వవనీ ఆమె చిన్ననాటి నుంచీ ఆ కొండల మీద కక్ష పెంచుకుంది. భర్త పోయి, డెబ్బై దాటిన వయసులో కోవిల్‌పట్టిలోని నా ఇంటికి వచ్చి ఉంటున్నాక ఒకనాడు అంది:

"ఆ కొండ కాడికి ఒగసారి పోవాలరా తమ్ముడా. మన వానని ఆడ ఎవురు పట్టి పెట్టుకోనుండారో చూడాల."

విరుదునగరం జిల్లా పడమటి కొసన, కొండల అడుగున, రక్షితమైన అడవి అంచున ఒక పాత విడిది ఉందని నా మనవరాలు ఫోనులో కనిపెట్టి గదులు తీసిపెట్టింది. ఐప్పసి నెల మొదట్లో, మా వైపు వానలు పట్టే రోజుల్లో, అక్క, నా భార్య, నేను ఒక అద్దె కారులో బయలుదేరాం. డ్రైవరు మా పేటవాడే. ఆలంగుళం సున్నపురాతి దుమ్ము దాటి, తోటలు దాటి, ఫోనులో మాట అందని చోటికి చేరాం.

పెంకుల కప్పు, రెండు గదులు, ముందొక వరండా, పెరట్లో నీళ్ల డ్రమ్ము. అంతే విడిది. మా గది కిటికీ ఊచలు రెండు లోపలికి వంగి ఉన్నాయి. ఎందుకని అడిగితే, లోపల ఉప్పు వాసన తగిలి ఏనుగు తొండం పెట్టిందని కావలివాడు అరవంలో చెప్పాడు, పక్కింటి మేక వచ్చి పోయిందన్నంత మామూలుగా. నా భార్య వెంటనే ఉప్పు పొట్లాన్ని కారులో పెట్టించింది. ఆ రాత్రి ముగ్గురమూ కిటికీ వైపే చూస్తూ పడుకున్నామని రాస్తే చాలు.

వరండా గోడ మీద నిబంధనల పలక ఉంది. తాగకూడదు, పాట పెట్టకూడదు, కోతులకు తిండి పెట్టకూడదు, పూలు కోయకూడదు, గేటు దాటకూడదు. నేను దాన్ని పూర్తిగా చదివాను. విడిది కింద పారే వంక గురించి అందులో ఒక్క మాట లేదు. అప్పటికి నాకది లోపంగా తోచలేదు కూడా. ఆ వంకలో బండరాళ్లే తప్ప నీళ్లెక్కడ? రాళ్ల సందున జడపాయంత సన్నగా ఒక ధార, అంతే.

"మన ఊరి వంక మాదిరే ఉండాదే," అంది అక్క తృప్తిగా. "ఇదీ దరిద్రపుదే."

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉండే మా వంకకు నీళ్లు వస్తున్నాయని కేక వినిపిస్తే, ఇంటికి పెద్దదైన ఆడది పసుపు, కుంకుమ, కర్పూరం పట్టుకుని ఆ నీళ్లకు ఎదురుపోతుంది. చుట్టాన్ని పొలిమేరలో కలుసుకుని తోడుకొచ్చినట్టు, నీటి మొదలును కలుసుకుని, పసుపు చల్లి, దోసెడు తలమీద పోసుకుని, దానికి ముందు నడుస్తూ ఊళ్లోకి వస్తుంది. మా నేల చదును. అక్కడ నీళ్లు చెత్తను, నురుగును తోసుకుంటూ, పగుళ్లన్నీ తాగగా మిగిలినంతే, మేత మేసి ఇంటికొచ్చే ఆవులా వస్తాయి. మా అక్క ఆ పని ఎన్నో ఏళ్లు చేసింది. నీటికి భయపడాలని మాకెవరూ నేర్పలేదు. నీళ్లు రావేమోనన్నదే మేమెరిగిన భయం.

రెండో రోజు మధ్యాహ్నం. కావలివాడు మాకు భోజనం తెచ్చేందుకు కింది ఊరికి వెళ్లాడు. మా నెత్తిన ఎండ కాస్తోంది. కొండ తల మాత్రం నల్లగా ఉంది. నేను వరండాలో కూర్చుని రాసుకుంటున్నాను. ఎక్కడో చాలా లారీలు ఒకేసారి ఎత్తు ఎక్కుతున్నట్టు ఒక శబ్దం మొదలయింది. అక్క లేచి నిలబడింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"తమ్ముడా, నీల్లు వస్తాంది."

నేనూ సంతోషంగానే లేచాను. ఆమె నా భార్య వంట సంచిలోంచి పసుపు, కర్పూరం తీసుకుని, కీళ్లనొప్పి కాళ్లతోనే మెట్లు దిగి, రాళ్ల మీద చేయి ఆనిస్తూ వంక నడుమకు పోయి, ఎగువకు నడవసాగింది. చెప్పులు విడిచి వెనకే పోదామని నేను గట్టు మీద వంగాను. తల ఎత్తేసరికి వంక మలుపులో నీళ్లు కనబడ్డాయి.

అవి మా నీళ్లు కావు. ఎర్రగా, కొమ్మలతో, ఒక బండ మీంచి మరో బండ మీదికి ఎగిరిపడుతూ వచ్చాయి. అక్క ఆగింది. వెనక్కి రావడానికి వ్యవధి లేదని ఆమె నాకంటే ముందు గ్రహించింది. పక్కనున్న పెద్ద బండను మోకాళ్లతో, మోచేతులతో పాకి ఎక్కింది. నేను చూస్తుండగానే ఆమెకూ నాకూ మధ్య రెండు ఎడ్లబండ్లు పట్టేటంత వెడల్పున ప్రవాహం ఏర్పడింది.

నా భార్య పరుగున వచ్చింది. నేను నీళ్లలో కాలు పెట్టాను. మోకాలి దాకా కూడా దిగలేదు, కాలికింది రాయి కదిలిపోయింది. ఆమె నా పంచె వెనక నుంచి పట్టుకుని లాగింది. అది చూసి అక్క బండ మీద లేచి నిలబడింది.

"ఒరే, నీకు ఈత వస్తాదా?"

"రాదు."

"మరి ఎందుకు దిగుతాండావు? నువ్వు ఇంగో అడుగు పెడితే నేనూ దిగుతాను. సుమ్మా ఆడనే కూసో."

ఆమె మాట తప్పే మనిషి కాదు. నేను గట్టు మీద కూర్చున్నాను. జీవితంలో అంత అసహాయంగా నేనెక్కడా కూర్చోలేదు.

"వదినె, మీరూ కూసోండి. నిలబడొద్దు," అని నా భార్య అరిచింది. అక్క కూర్చుంది. నా భార్య డ్రైవరును పిలుచుకొచ్చింది. అతడు కారు లాగే తాడు తెచ్చి విసిరాడు. తాడు సగంలోనే నీళ్లలో పడి కొట్టుకుపోయింది. లాగి మళ్లీ విసిరాడు. మూడోసారి విసరబోతుంటే అక్కే వద్దంది. "దాన్ని పట్టబోయి నేను జారేకా? పక్కన పెట్టప్పా."

నీళ్లు ఆమె పాదాల దాకా వచ్చాయి. నాకు ఒక్కసారిగా పిచ్చికోపం వచ్చింది. కొండ మీద, పలక మీద, పలక రాసినవాడి మీద, పసుపు పట్టుకుని పోయిన ముసలిదాని మీద. ఆ కోపం కాసేపైనా నిలిచి ఉంటే బాగుండేది. అది పోగానే మిగిలింది భయమే.

అప్పుడు అక్క గొంతు మారింది. "తమ్ముడా, నీల్లని చూస్తే తల తిరుగుతాంది. బండ కదిలి పోతాండేట్టు ఉండాది. నా కన్ను నీ మీద ఉండాల. ఏదన్నా చెప్తా ఉండు. గట్టిగా చెప్పు."

"ఏం చెప్పాల?"

"తాలూకా అంతా నీ కాగితాల్లో ఉండాదంటావే. దాంట్లోది ఏదన్నా చెప్పు."

నా నోటికి వచ్చింది ఒకటే. మా చేలో ఏ ఏడు ఎంత వాన పడిందో, ఏ పంట వచ్చిందో నేను చాలా కాలంగా రాసి పెడుతున్నాను. అది చెప్పడం మొదలుపెట్టాను. నీళ్ల రొద మీదుగా అరుస్తూ చెప్పాను. మొలకెత్తిన కంబు, అదే సజ్జ, ఎండిపోయి మళ్లీ విత్తిన ఏడు. ఆలస్యంగా వాన వచ్చి ధనియాలు కల్లంలోనే నల్లబడిన ఏడు. మిరప బాగా పండి, ఇంటి మిద్దె అంతా ఎర్రగా ఆరబోసిన ఏడు.

"ఆ ఏడు మిరప కాదు," అని అరిచింది అక్క. "పత్తి. నీ పెండ్లాం పత్తి కొట్లోనే పడుకోని పురుగు కుట్టి ఏడిసిందే."

"నేను ఏడవలా, వదినె," అంది నా భార్య, ఏడుస్తూ.

"ఏడిస్తివి. ఊరంతా వినిండాది. నువ్వు చెప్పురా."

చెప్పాను. గొంతు బొంగురుపోయింది. ఆమె చూపు నా ముఖం మీది నుంచి కదలలేదు, నేనూ చూపు తిప్పలేదు. రెప్ప వేస్తే ఆ బండ ఖాళీగా కనబడుతుందేమోనని రెప్ప వేయడానికీ భయపడ్డాను. నడుమ ఒక్కసారి దగ్గు ముంచుకొచ్చి మాట ఆగిపోయింది. డ్రైవరు నీళ్ల సీసా అందించాడు. గొంతు తడుపుకుని మళ్లీ అందుకున్నాను.

కొండ మీద వాన ఆగినట్టుంది. నీటి ఎరుపు కాస్త పలచబడింది. ఆమె పాదాల కింద తడిసిన రాతి అంచు తిరిగి కనబడింది. ఆ తరువాత కూడా చాలాసేపు నేను ఆపలేదు. చివరకు డ్రైవరు నడుముకు తాడు కట్టుకుని, రెండో కొసను గట్టు మీది చెట్టుకు కట్టి, తొడల దాకా నీళ్లలో నడిచి ఆమెను వీపు మీద మోసుకొచ్చాడు. గట్టు మీద దించగానే ఆమె నా భార్య చేయి పట్టుకుంది. ఆ పట్టు విడిపించడానికి నాకూ డ్రైవరుకూ చాతకాలేదు.

భోజనం క్యారియరుతో కావలివాడు తిరిగి వచ్చాడు. ఇన్ని నిబంధనలు రాసినవాళ్లు వంకకు పోవద్దని ఎందుకు రాయలేదని అతడి మీద విరుచుకుపడ్డాను. సంగతంతా విని అతడు నిజంగానే అర్థం కాక అడిగాడు: "నీళ్లు వస్తే అందరూ గట్టు మీదికి పరిగెత్తుతారు అయ్యా. నీళ్లకు ఎదురు ఎవరు పోతారని రాయాలి?"

అక్కే అరవంలో అంది: "మా ఊళ్లో పోతారప్పా."

ఫిర్యాదు రాస్తానని నేను గట్టిగా చెప్పాను, తరువాత రాశాను కూడా. వంక గురించి పెద్ద అక్షరాల్లో ఒక హెచ్చరిక పెట్టాలని అందులో కోరాను. ఇంతవరకూ బదులు రాలేదు. ఈ సంగతిని మరిచిపోయే మనిషిని కాను.

ఆ మధ్యాహ్నమే విడిది ఖాళీ చేశాం. కారులో అక్క మా ఇద్దరి నడుమ కూర్చుంది. పొడి చీర కట్టినా, దుప్పటి కప్పినా ఆమె దవడ వణుకుతూనే ఉంది. ఆలంగుళం దాటాక, నా భార్య కునికిపాట్లు పడుతుండగా, ఆమె నా చెవి దగ్గరకు వంగి మెల్లగా అంది:

"నడమన దగ్గినావే నువ్వు. నీ మాట నిలిచిపోయిందే. అప్పుడు నీల్లని చూస్తిని. దిగేస్తే ఈ బయం పోతాది గదా అనిపించిందిరా. కాలు ఒగటి కిందకి పెట్టేస్తిని కూడా."

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. నీళ్ల సీసా కోసం నేను చేయి చాచిన ఆ క్షణంలో నా చూపు ఆమె మీద లేదు. ఆమె కాలు కిందికి దించడం నేను చూడనే లేదు.

ఆమె కళ్లు మూసుకుని తల నా భుజానికి ఆనించింది. నా గొంతు పూర్తిగా పోయింది. అయినా కోవిల్‌పట్టి చేరేవరకూ చేల గురించీ, విత్తనాల గురించీ గొణుగుతూనే ఉన్నాను. ఆమె వింటోందో, నిద్రపోయిందో తెలియలేదు. అడగడానికి మాట ఆపాలి. ఆపడానికి భయమేసింది.